చేతులు పాడవకుండా పియానో, కీబోర్డ్ ప్రాక్టీస్ చేయడం ఎలా

వాయిస్తుంటే చెయ్యి నొప్పిగా ఉంటోందని ఎవరైనా అంటే మన దగ్గర ముందుగా వచ్చే జవాబు, "ఇంకా అలవాటు పడలేదు, వాయిస్తూ ఉంటే అదే తగ్గిపోతుంది" అని. ఈ మాట నమ్మి నొప్పి మీదే నెలల తరబడి వాయించి, చివరికి నీళ్ళ గ్లాసు ఎత్తడం కూడా కష్టమయ్యాక డాక్టర్ దగ్గరికి వెళ్ళేవాళ్ళు ఉన్నారు. వాళ్ళలో స్కూలు పిల్లలు కూడా ఉంటారు, నాకు బాధ కలిగేది అక్కడే. నొప్పి భరిస్తే వచ్చే విద్య కాదిది. సరిగ్గా వాయిస్తే డెబ్బై ఏళ్ళు దాటాక కూడా వాయించుకోవచ్చు, అలా వాయించిన వాళ్ళు ఎంతోమంది ఉన్నారు.

పియానో ఉన్నవాళ్ళకీ, ఇంట్లో 61 కీల కాసియోనో యమహానో పెట్టుకుని నేర్చుకుంటున్న వాళ్ళకీ, ట్రినిటీ, ఏబీఆర్ఎస్ఎం గ్రేడ్ పరీక్షలకు పిల్లల్ని తయారు చేస్తున్న తల్లిదండ్రులకీ కలిపి రాస్తున్నాను. అంతా ఒకేసారి మార్చుకోవాలని చూడకండి. మొదటి మూడు అంచెలు ఈ వారం చేయండి, మిగతావి ఆ తర్వాత ఒక్కొక్కటిగా.

మొదటి అంచె: చెయ్యి ఎలా పనిచేస్తుందో, కీ ఎలా పనిచేస్తుందో తెలుసుకోండి

కుడి చేతిని బల్ల మీద వదులుగా పెట్టి, ఎడమ చేత్తో కుడి ముంజేతిని మోచేతికి కాస్త ఇవతల పట్టుకోండి. ఇప్పుడు కుడి చేతి వేళ్ళు ఒక్కొక్కటే కదపండి. కదలిక ముంజేతిలో తెలుస్తుంది చూడండి. వేళ్ళలో వాటిని మడిచే కండరాలు లేవు. అరచేతిలో, బొటనవేలి మొదట్లో చిన్న కండరాలు ఉంటాయి కానీ వేళ్ళని గట్టిగా మడిచేవీ ఎత్తేవీ ముంజేతిలోనే ఉన్నాయి. అక్కడి నుంచి టెండన్లు, అంటే కండరాన్ని ఎముకకు కలిపే గట్టి తంతువులు, మణికట్టు గుండా వేళ్ళ దాకా వెళ్తాయి. మణికట్టు లోపలి వైపున్న ఇరుకు దారిలో ఇలాంటివి తొమ్మిది టెండన్లు, వాటితో పాటు ఒక ముఖ్యమైన నరం వెళ్తాయి. మణికట్టు బాగా పైకో కిందికో వంచితే ఆ దారిలో ఒత్తిడి పెరుగుతుంది, అలా వంచి ఉంచి వందల సార్లు వేళ్ళు ఆడిస్తే అక్కడ రాపిడి, వాపు మొదలవుతాయి. మణికట్టు సంగతి టీచర్లు పదే పదే చెప్పేది ఇందుకే, చూడ్డానికి బాగుంటుందని కాదు.

ఇప్పుడు కీ సంగతి. పియానో కీ కిందికి దిగేది సుమారు 10 మిల్లీమీటర్లు. మెల్లగా ఒక స్వరం పలికించడానికి కావలసిన బరువు 50 గ్రాములకు అటూ ఇటూ. కీ దాదాపు అడుగుకు చేరే సమయానికి లోపలి సుత్తి మెకానిజం నుంచి విడిపోయి, తనంతట తాను తీగకేసి వెళ్తుంది. అంటే ఆ క్షణం దాటాక మీరు కీ మీద ఎంత బలం పెట్టినా ఆ స్వరంలో తేడా రాదు. డిజిటల్ పియానోలోనూ అంతే, కీ కింద ఉన్న సెన్సర్లు కీ ఎంత వేగంగా దిగిందో చూసుకుంటాయి, దిగాక ఎంత నొక్కారో పట్టించుకోవు (కొన్ని సింథసైజర్లలో కీ దిగాక నొక్కినా స్పందించే ఆఫ్టర్ టచ్ అని ఉంటుంది, అది వేరు).

ఇది అర్థమైతే ఈ మార్గదర్శిలో సగం అర్థమైనట్టే. నేను చూసినంతలో చాలా గాయాలకు మూలం కీ నొక్కిన తర్వాత కూడా అదే బలంతో అదిమి పట్టడం. స్వరం వచ్చేసింది, పని అయిపోయింది, అయినా ముంజేయి ఇంకా పని చేస్తూనే ఉంది, దాని మీద తర్వాతి స్వరం, దాని మీద ఇంకోటి. పేజీ అయ్యేసరికి చెయ్యి బిగుసుకుపోతుంది. కాబట్టి నేర్చుకోవాల్సిన అసలు పని, స్వరం పలికిన వెంటనే వదిలేయడం.

దానికి ఒక పరీక్ష ఉంది, రోజూ ప్రాక్టీస్ మొదట్లో చేయండి. నడివేలితో ఒక్క కీ నొక్కండి, మామూలు శబ్దంతో. స్వరం మోగుతుండగా, కీ పైకి లేవకుండా ఆపడానికి ఎంత బరువు అవసరమో అంతే ఉంచి మిగతాదంతా వదిలేయండి. ఆ స్థితిలో మణికట్టుని మెల్లగా పైకీ కిందికీ ఆడించండి. తేలిగ్గా ఆడితే వదిలినట్టు. ఆడకపోతే ఇంకా అదిమి పట్టే ఉన్నారు. ఐదు వేళ్ళతో ఇలా చేసి, తర్వాత రెండు స్వరాల మధ్య, ఆ తర్వాత ఒక పాటలో మొదటి లైను అంతా ఇలాగే, ప్రతి స్వరానికీ ఆగి వదిలి, వాయించండి. విసుగ్గా ఉంటుంది నిజమే, కానీ రెండు వారాల్లో తేడా మీకే తెలుస్తుంది.

రెండో అంచె: కుర్చీ, ఎత్తు, దూరం

ముందు టేపు తీసుకుని కొలవండి. మామూలు పియానోలో కీల పై భాగం నేల నుంచి 72-74 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. కూర్చుని చేతులు పక్కన వదిలి, ముంజేతుల్ని ముందుకు మడిస్తే మీ మోచెయ్యి తెల్ల కీల ఎత్తులోనే ఉండాలి, లేదా ఒక వేలెడు పైన ఉండాలి. కిందికి ఉంటే మాత్రం మణికట్టు వెనక్కి విరుగుతుంది, భుజాలు తెలియకుండానే లేస్తాయి.

మన ఇళ్ళలో జరిగేదేమిటంటే కీబోర్డ్ కొంటారు, స్టాండ్ కొనరు. డైనింగ్ టేబుల్ మీద పెడతారు. డైనింగ్ టేబుల్ ఎత్తు 75 సెంటీమీటర్లు, కీబోర్డ్ మందం ఇంకో 8-10, అంటే కీలు 83 దాటి ఉంటాయి. దాని ముందు 45 సెంటీమీటర్ల ప్లాస్టిక్ కుర్చీలో పదేళ్ళ పాపని కూర్చోబెడితే మోచేతులు కీల కంటే చాలా కింద ఉంటాయి, భుజాలు చెవుల దగ్గరికి వస్తాయి. ఆ పాప సరిగ్గా వాయించడం లేదని టీచర్ దగ్గర తిట్లు తింటుంది. తప్పు బల్లది. ఎత్తు మార్చుకునే ఎక్స్ స్టాండ్ ఖరీదు కీబోర్డ్ ఖరీదులో చిన్న వంతే, ముందు అది కొనండి. అప్పటిదాకా కుర్చీ మీద గట్టిగా మడతపెట్టిన దుప్పట్లు వేసి ఎత్తు పెంచండి (మెత్తని దిండ్లు వద్దు, వాటి మీద నడుము నిలబడదు), కాళ్ళు వేలాడకుండా కింద ఒక పీట పెట్టండి. కాళ్ళు నేలకో పీటకో ఆనకపోతే శరీరం బరువు నిలబెట్టే పని నడుము మీద, భుజాల మీద పడుతుంది. పిల్లలకి పీట తప్పనిసరి.

బెంచీ మీద ముందు సగంలోనే కూర్చోండి, వెనక్కి జారబడకండి. దూరం ఎంతంటే, చేతులు కీల మీద ఉన్నప్పుడు మోచేతులు నడుముకి కాస్త ముందుండాలి, పక్కలకు అతుక్కుని ఉండకూడదు. రెండు చేతులూ మధ్యలోకి తెచ్చినప్పుడు పొట్టకి తగలకుండా దాటాలి.

హార్మోనియం అలవాటుతో నేల మీద బాసింపట్టు వేసుకుని కీబోర్డ్ ముందు కూర్చునే వాళ్ళు చాలామంది. హార్మోనియం కథ వేరు, దాని కీలు నేల నుంచి కొంత ఎత్తులో ఉంటాయి, వాయించేది ఒక చేత్తో. కీబోర్డ్ నేల మీద పరిస్తే రెండు చేతులూ కిందికి వాలి మణికట్లు మడత పడతాయి, మెడ వంగిపోతుంది. నేల మీదే కూర్చోవాలనుకుంటే కీబోర్డ్ కింద చిన్న బల్ల పెట్టి మోచేతి ఎత్తుకి తెచ్చుకోండి. మంచం మీద పెట్టుకుని వాయించడం మాత్రం మానేయండి, పరుపు మీద కీబోర్డూ నిలవదు, మీరూ నిలవరు.

ఇంకొకటి, నోట్స్ ఎక్కడ పెట్టుకుంటున్నారో చూసుకోండి. ఫోన్‌ని కీబోర్డ్ మీద పడుకోబెట్టి అందులో చూస్తూ వాయిస్తే మెడ గంటసేపు వంగే ఉంటుంది. కాగితం మీద ప్రింట్ తీసి కళ్ళ ఎత్తుకి కాస్త కిందుగా నిలబెట్టండి. ప్రోగ్రెసివ్ కళ్ళద్దాలు వాడేవాళ్ళు కింది అద్దంలోంచి చూడ్డానికి గడ్డం పైకెత్తుతూ ఉంటారు, మెడనొప్పికి అదే కారణం కావచ్చు. పియానో దూరానికి సరిపోయేలా ఒక జత విడిగా చేయించుకుంటే ఆ బాధ ఉండదు.

మూడో అంచె: హెడ్‌ఫోన్ వాల్యూమ్, కీల బరువు

ఇది చిన్న విషయం, కానీ ఎవరూ చెప్పరు. రాత్రిపూట ఇంట్లో వాళ్ళు లేస్తారని వాల్యూమ్ బాగా తగ్గించి వాయిస్తే, వినపడటానికి చెయ్యి తనంతట తాను గట్టిగా కొట్టడం మొదలుపెడుతుంది. హెడ్‌ఫోన్ పెట్టుకుని, మెల్లగా వాయించినా స్పష్టంగా వినిపించేంత వాల్యూమ్ పెట్టుకోండి, చెవులు హోరెత్తేంత కాదు. ఇక స్ప్రింగు కీల కీబోర్డ్ మీద ఏళ్ళ తరబడి వాయించి ఒక్కసారిగా వెయిటెడ్ కీల, అంటే అసలు పియానోలా బరువుగా దిగే కీల, పియానోకి మారేవాళ్ళు మొదటి నెలంతా పాత టైములో సగమే వాయించాలి. అవే పాటలు, అవే వేళ్ళు అయినా ముంజేతికి అది కొత్త పని.

నాలుగో అంచె: చేతి ఆకారం, బొటనవేలు, స్కేల్స్

లేచి నిలబడి చేతులు పక్కన వేలాడదీయండి. వేళ్ళు కాస్త మడతపడి, ఎక్కడా బిగువు లేకుండా ఉంటాయి. ఆ ఆకారాన్నే మార్చకుండా పైకి తెచ్చి కీల మీద పెట్టండి. అంతకంటే వేళ్ళు ఎక్కువ ముడవాల్సిన పని లేదు, చాపాల్సిన పనీ లేదు. ముంజేయి, మణికట్టు, చేతి వెనక భాగం దాదాపు ఒకే గీతలో ఉండాలి.

ఎక్కువగా కనిపించే తప్పు మణికట్టు చిటికెన వేలి వైపు పక్కకి మెలిపడటం. బొటనవేలిని ముంజేతికి సూటిగా పెట్టుకుని మిగతా చేతిని బయటికి తిప్పేస్తారు, ముఖ్యంగా మధ్యలో ఉన్న కీలు వాయించేటప్పుడు. అలా మెలిపెట్టి ఉంచి వేళ్ళు ఆడిస్తే బొటనవేలి వైపు మణికట్టులో నొప్పి మొదలవుతుంది. దీనికి మందు సులువు: ఏ వేలు వాయిస్తోందో ముంజేయి దాని వెనక్కి రావాలి. చిటికెన వేలికి వెళ్ళేటప్పుడు మోచెయ్యి కాస్త బయటికి జరుగుతుంది, బొటనవేలికి వచ్చేటప్పుడు లోపలికి. కీబోర్డ్ చివరలకి వెళ్ళాల్సి వస్తే నడుము నుంచే వాలండి, చెయ్యి ఒక్కటే సాగదీయకండి.

స్కేల్స్‌లో బొటనవేలిని అరచేతి కింద నుంచి దూర్చడం అందరికీ నేర్పుతారు. నెమ్మదిగా ఉన్నప్పుడు సరే, వేగంగా వాయించేటప్పుడు దాన్ని పూర్తిగా లోపలికి మడిచి దూర్చాలని చూస్తే బొటనవేలి మొదలు అలిసిపోతుంది. వేగంలో జరగాల్సింది ముంజేయి పక్కకి జరగడం, బొటనవేలు దానితో పాటు కొత్త చోటికి చేరడం. రెండు స్వరాల మధ్య వెంట్రుకవాసి ఖాళీ వచ్చినా వినేవాళ్ళకి తెలియదు.

స్కేల్స్ సి మేజర్‌తో మొదలుపెట్టడం ఆనవాయితీ. చదవడానికి అది సులువు, చేతికి మాత్రం కష్టం, ఎందుకంటే పొడుగు వేళ్ళూ పొట్టి వేళ్ళూ ఒకే వరుసలో నిలబడాలి. పియానిస్ట్, స్వరకర్త షోపెన్ తన శిష్యులకి ముందు చూపించిన స్థానం ఇ, ఎఫ్ షార్ప్, జి షార్ప్, ఎ షార్ప్, బి. మధ్యలో ఉన్న మూడు పొడుగు వేళ్ళు నల్ల కీల మీద, బొటనవేలు, చిటికెన వేలు తెల్ల కీల మీద. ఒకసారి చెయ్యి అలా పెట్టి చూడండి, దానికదే సరైన ఆకారంలోకి వస్తుంది. పిల్లలకి నోట్స్ చదవడం సి మేజర్‌లోనే నేర్పండి, చేతి కదలిక మాత్రం బి మేజర్ స్కేల్‌తో, చూసి అనుకరిస్తూ నేర్పండి అంటాను నేను.

రెండు వేళ్ళు మార్చి మార్చి వేగంగా వాయించాల్సిన చోట, ట్రెమోలోల్లాంటివి, వేళ్ళని ఎత్తి ఎత్తి కొట్టకుండా తాళంచెవి తిప్పినట్టు ముంజేతినే అటూ ఇటూ తిప్పండి. ఆ తిరగడం చాలా చిన్నగా ఉంటే చాలు.

ఉంగరపు వేలి సంగతి విడిగా చెప్పాలి

అరచెయ్యి బల్ల మీద ఆనించి, నడివేలిని మాత్రం లోపలికి మడిచి పెట్టండి. ఇప్పుడు ఉంగరపు వేలిని పైకెత్తండి. లేవదు. చేతి వెనక వైపు దాని టెండన్ పక్క వేళ్ళ టెండన్లతో అతుక్కుని ఉంటుంది కాబట్టి అది ఒంటరిగా ఎక్కువ లేవలేదు. ఇది అందరి చేతుల్లోనూ ఉండేదే, మీ బలహీనత కాదు. అలాంటి వేలిని మిగతా వాటితో సమానంగా ఎత్తించాలని గంటల తరబడి చేసే కసరత్తులు చేతికి చేసే మేలు కంటే కీడే ఎక్కువ.

రాబర్ట్ షూమన్ కథ పియానో నేర్చుకునే ప్రతి ఒక్కరికీ తెలియాలి. యువకుడిగా పెద్ద పియానిస్ట్ కావాలని కలగన్నాడు, వేళ్ళ సాధన కోసం ఒక యంత్రం లాంటి పరికరం కూడా వాడాడు. 1832 నాటికి కుడి చెయ్యి, ముఖ్యంగా నడివేలు, దెబ్బతిని ఆ కల వదులుకోవాల్సి వచ్చింది. అసలు జబ్బు ఏమిటన్నది డాక్టర్లు ఇప్పటికీ వాదించుకుంటారు. ఆయన గొప్ప స్వరకర్త అయ్యాడు సరే, కానీ ఆయన సంగీతాన్ని వేదికల మీద వినిపించింది భార్య క్లారా. రష్యన్ స్వరకర్త స్క్రియాబిన్ కూడా 1891లో మాస్కోలో చదువుకునే రోజుల్లో చేతికి మించిన కష్టమైన పాఠాలు అదేపనిగా సాధన చేసి కుడి చెయ్యి పాడుచేసుకున్నాడు. 1894లో ఒక్క ఎడమ చేతి కోసమే రెండు రచనలు చేశాడు. ఆయన చెయ్యి తర్వాత కోలుకుంది.

మన క్లాసుల్లో హానన్ 60 అభ్యాసాలు ఇప్పటికీ నడుస్తాయి. 1873 నాటి పుస్తకం అది, వేళ్ళు బాగా పైకెత్తి వాయించమంటుంది. మీ టీచర్ హానన్ ఇస్తే మానేయమని నేను చెప్పను, కానీ వేళ్ళు కీలకి దగ్గరగానే ఉంచండి, ఒకటి రెండు అభ్యాసాలు చాలు, ముంజేయి బరువెక్కిన క్షణంలో ఆపండి. వరుసగా ఇరవై వాయించడంలో ప్రయోజనం నాకు కనబడలేదు.

ఐదో అంచె: చిన్న చేతులు, పెద్ద ఆక్టేవ్‌లు

ఇప్పటి పియానోలో ఒక ఆక్టేవ్ (ఒక స్వరం నుంచి పైన మళ్ళీ అదే స్వరం దాకా) వెడల్పు సుమారు 16.5 సెంటీమీటర్లు, అంటే 6.5 అంగుళాలు. పెద్ద చేతులకి సరిపోయే కొలత అది, మన ఆడపిల్లల్లో చాలామందికీ చాలామంది మగవాళ్ళకీ ఆక్టేవ్ అంచుల మీద వేలాడుతూ అందుతుంది. చేతులు చిన్నవి కావడం ప్రతిభ లేకపోవడం కాదు. యోసెఫ్ హాఫ్‌మన్ అంతటి పియానిస్ట్ కోసం స్టైన్‌వే కంపెనీ సన్నని కీలతో పియానో చేసిచ్చింది. ఇప్పుడూ 6 అంగుళాలు, 5.5 అంగుళాల ఆక్టేవ్‌తో కీబోర్డులు తయారవుతున్నాయి, మనకి దొరకడం కష్టమే అయినా.

మరి ఉన్న పియానో మీద ఏం చేయాలి? చెయ్యి చాపినప్పుడు బొటనవేలు, చిటికెన వేలు కీల అంచుల మీద మాత్రమే ఆనుతుంటే వరుసగా ఆక్టేవ్‌లు వచ్చే పాఠం తీసుకోకండి, ఇంకా ఎదిగే పిల్లలకైతే అసలు ఇవ్వకండి. అక్కడక్కడ ఒక్క ఆక్టేవ్ వస్తే వాయించిన వెంటనే చెయ్యి ముడవనివ్వండి, తర్వాతి ఆక్టేవ్ వరకూ చాపి పట్టుకోకండి. పెద్ద కార్డ్‌లో, అంటే ఒకేసారి పలికే స్వరాల గుంపులో, ఒక లోపలి స్వరం వదిలేయండి, లేదా పెడల్ పట్టి కింది నుంచి పైకి ఒక్కొక్కటిగా పలికించండి, లేదా ఆ స్వరం రెండో చేతికి ఇవ్వండి. పెద్ద పియానిస్టులే ఇవన్నీ చేస్తారు, మీరు చేస్తే తప్పేమీ కాదు. చేతిని బల్లకి అదిమి బలవంతంగా సాగదీసే కసరత్తులు మాత్రం వద్దు. పెద్దయ్యాక ఎముకల పొడవు పెరగదు.

ఆరో అంచె: ప్రాక్టీస్‌ని ఎలా పంచుకోవాలి

గాయాల్లో ఎక్కువ శాతం ఒకే సందర్భంలో వస్తాయి, రోజూ అరగంట వాయించే మనిషి ఉన్నట్టుండి మూడు గంటలు వాయించినప్పుడు. గ్రేడ్ పరీక్షకి ఇంకా రెండు వారాలే ఉందని, క్రిస్మస్ ప్రోగ్రామ్ దగ్గర పడిందని, దసరా సెలవులు దొరికాయని. కాబట్టి వారానికి పదో వంతు చొప్పున మాత్రమే పెంచండి. రోజుకి 40 నిమిషాలు వాయిస్తుంటే వచ్చే వారం 44, ఆపై వారం 48. పరీక్ష తేదీ తెలిసిన రోజే వెనక్కి లెక్క వేసుకుంటే చివరి రెండు వారాల్లో టెన్షన్ పడాల్సిన పని రాదు. ఊరెళ్ళి పది రోజులు వాయించకపోతే తిరిగొచ్చాక సగంతో మొదలుపెట్టండి.

20-25 నిమిషాలకి ఒకసారి లేవండి. టైమర్ పెట్టుకోండి, ఎందుకంటే వాయిస్తూ ఉంటే తెలియదు. ఆ ఐదు నిమిషాల్లో ఫోన్ పట్టుకుంటే అది విరామం కాదు, అవే కండరాలు, అదే బొటనవేలు. నడవండి, నీళ్ళు తాగండి, భుజాలు తిప్పండి.

మొదలుపెట్టే ముందు వేళ్ళని కాదు, శరీరాన్ని వేడెక్కించండి. రెండు నిమిషాలు అటూ ఇటూ నడిచి చేతులు ఊపితే సరిపోతుంది. ఏసీ గదిలోనో, డిసెంబర్ ఉదయాల్లోనో చేతులు చల్లగా ఉంటే గోరువెచ్చని నీళ్ళలో కాసేపు ఉంచి తుడుచుకోండి. తర్వాత మీకు బాగా వచ్చిన నెమ్మది పాట ఏదైనా వాయించి, అప్పుడు కష్టమైన దానికి వెళ్ళండి.

కష్టమైన నాలుగు బార్లని (బార్ అంటే నోట్స్‌లో రెండు నిలువు గీతల మధ్య భాగం) వంద సార్లు వరుసగా వాయించడం ప్రాక్టీస్ అనుకుంటాం. ఐదు సార్లు వాయించండి, శ్రద్ధగా, ఆపి వేరే చోటికి వెళ్ళండి, ఎడమ చేతి భాగమో నెమ్మది పాటో వాయించి మళ్ళీ రండి. వేగం పెంచాలంటే మొత్తం లైనుని మెట్రోనోమ్‌తో ఈడ్చుకెళ్ళకుండా నాలుగు స్వరాలు మాత్రం అసలు వేగంలో వాయించి ఆగండి, చెయ్యి వదులు కానివ్వండి, తర్వాతి నాలుగు. అవి కుదిరాక ఎనిమిది చేయండి. ఆగిన ప్రతిచోటా దవడ, భుజాలు, ఊపిరి చూసుకోండి. కష్టమైన చోట ఊపిరి బిగపట్టడం అందరూ చేస్తారు, గమనిస్తే మానుకోవచ్చు.

కీబోర్డ్ ముట్టుకోకుండా చేసే పని కూడా ప్రాక్టీసే. నోట్స్ ముందు పెట్టుకుని ఏ వేలు ఎక్కడ పడాలో మనసులో వాయించుకోవడం, మంచి రికార్డింగ్ వింటూ కాగితం చూడటం, ఎడమ చేతి కార్డ్‌లు పేర్లతో చెప్పుకోవడం. గంట ప్రాక్టీస్‌లో పావుగంట ఇలా గడిపితే చేతులకి విశ్రాంతి, తలకి పని.

మిగతా రోజంతా మీ చేతులు ఏం చేస్తున్నాయి?

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ రాత్రి తొమ్మిదింటికి కీబోర్డ్ ముందు కూర్చునే వాళ్ళు ఎంతోమంది. వాళ్ళ చేతులు అప్పటికే ఎనిమిది గంటలు టైపింగ్, మౌస్ చేసి ఉంటాయి, దారిలో ట్రాఫిక్‌లో బైక్ క్లచ్ నొక్కీ నొక్కీ ఎడమ చెయ్యి ఇంకా అలిసి ఉంటుంది. వాయించింది అరగంటే కదా, నొప్పి ఎందుకని అడుగుతారు. అరగంట కాదు, ముంజేతి లెక్కలో అది ఎనిమిది గంటల పని తర్వాతి అరగంట. వీలైతే ఉదయం ఆఫీసుకి ముందు వాయించండి. రాత్రే కుదిరితే ఇంటికొచ్చాక గంటైనా ఫోన్ లేకుండా చేతులు వదిలేయండి.

తడి బట్టలు పిండటం, చపాతీలు ఒత్తడం, కొబ్బరి తురమడం, ఇవన్నీ మణికట్టుకి గట్టి పనులు. చేతికి ఏదో తేడాగా ఉన్న వారంలో ఈ పనులు ఇంట్లో ఇంకొకరు చేయాలి. ముఖ్యంగా ఇంటి పని అంతా చేసి, పిల్లల్ని పడుకోబెట్టి, అప్పుడు తన ప్రాక్టీస్‌కి కూర్చునే అమ్మకి ఈ మాట గట్టిగా చెప్పాలి, ఇంట్లో మిగతా వాళ్ళకి ఇంకా గట్టిగా.

చర్చిల్లో, బ్యాండ్లలో నిలబడి గంటల తరబడి వాయించేవాళ్ళు స్టాండ్‌ని మోచేతి ఎత్తుకి పెంచుకోండి. పాడేవాళ్ళకి అడ్డం రాకూడదని కిందికి దించేస్తుంటారు, మణికట్టు పోయేది అలాగే. నిలబడి సస్టెయిన్ పెడల్ తొక్కుతుంటే బరువంతా రెండో కాలి మీదే ఉంటుంది, నడుం నొప్పికి అది చాలు. ఎత్తు స్టూల్ అడిగి పెట్టించుకోండి.

ఎప్పుడు ఆపాలి, ఎవరికి చూపించాలి

అలసట వేరు, నొప్పి వేరు. ముంజేయి కాస్త బరువెక్కి, ఆపిన ఐదు పది నిమిషాల్లో మామూలైతే అది అలసట. ఈ కిందివి మాత్రం అలసట కాదు:

బొటనవేలి వైపు మణికట్టులో నొప్పి, సీసా మూత తిప్పినా పిల్లల్ని ఎత్తుకున్నా పొడుచుకోవడం.

బొటనవేలు, చూపుడు వేలు, నడివేలు తిమ్మిరెక్కడం, రాత్రి నిద్రలో తిమ్మిరితో మెలకువ రావడం. ఇది మణికట్టులో నరం నొక్కుకుపోతోందని సూచన.

చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కడం. ఇక్కడ నరం ఎక్కువగా మోచేతి దగ్గర నొక్కుకుంటుంది. మోచెయ్యి మడిచి ఫోన్ పట్టుకుని పడుకునే అలవాటుంటే ముందు అది మానండి.

వేలు మడిస్తే ఇరుక్కుని టక్కున తెరుచుకోవడం.

నొప్పి ఏమీ లేకుండా, వాయించేటప్పుడు మాత్రమే ఒకటి రెండు వేళ్ళు మాట వినకుండా వాటంతట అవే ముడుచుకోవడం. దీన్ని ఫోకల్ డిస్టోనియా అంటారు, ఇది కండరంలో కాదు, మెదడు చేతికి పంపే ఆదేశాల్లో వచ్చే తేడా. అమెరికన్ పియానిస్ట్ లియోన్ ఫ్లైషర్‌కి 1964లో, కీర్తి శిఖరంలో ఉండగా, కుడి చేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు ఇలా ముడుచుకోవడం మొదలైంది. ఇంకా ఎక్కువ సాధన చేసి గెలవాలని చూశాడు, అది ఇంకా ముదిరింది. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళు ఎడమ చేతి రచనలు వాయించాడు, పాఠాలు చెప్పాడు, ఆర్కెస్ట్రాలు నడిపాడు. 1990లలో బొటాక్స్ ఇంజెక్షన్ల సాయంతో మళ్ళీ రెండు చేతులతో వేదిక ఎక్కాడు. వేలు మాట వినకపోతే ఎక్కువ ప్రాక్టీస్ చేయడం కాదు, ఆపి న్యూరాలజిస్ట్‌కి చూపించుకోవడం ముఖ్యం.

పై వాటిలో ఏదైనా ఉంటే ఆ రోజే ఆపండి. నొప్పి తగ్గే జెల్ రాసుకునో మాత్ర వేసుకునో వాయించకండి, అది హెచ్చరికని ఆపుతుంది కానీ గాయాన్ని కాదు. రెండు మూడు రోజుల విశ్రాంతితో తగ్గకపోతే ఆర్థోపెడిక్ డాక్టర్‌కో, చేతుల మీద పనిచేసిన అనుభవం ఉన్న ఫిజియోథెరపిస్ట్‌కో చూపించండి. తిమ్మిరి, పట్టు తప్పడం ఉంటే ఆ రెండు మూడు రోజులు కూడా ఆగొద్దు. వెళ్ళేటప్పుడు మీరు వాయిస్తున్న వీడియో ఫోన్‌లో తీసుకెళ్ళండి, పక్క నుంచి ఒకటి, పై నుంచి ఒకటి. డాక్టర్‌కి పియానో తెలియకపోయినా మణికట్టు ఎలా ఉందో కనబడుతుంది.

పిల్లలు "చెయ్యి లాగుతోంది" అంటే అది ప్రాక్టీస్ ఎగ్గొట్టే సాకు అనుకోకండి. ఎక్కడ లాగుతోందో వేలితో చూపించమనండి, ఏ పాటలో లాగుతోందో అడగండి. రెండు సార్లు అదే చోటు చూపిస్తే నమ్మండి. టీచర్ "నొప్పి లేకుండా ఏదీ రాదు" అంటే మర్యాదగా టీచర్ని మార్చండి.

తిరిగి మొదలుపెట్టడం

నొప్పి పోయిందని మొదటి రోజే గంట వాయిస్తే మళ్ళీ మొదటికి వస్తారు. రోజువారీ పనులు, అంటే జుట్టు దువ్వుకోవడం, తాళం తీయడం, కలం పట్టుకోవడం, నొప్పి లేకుండా చేయగలిగాకే పియానో దగ్గరికి రండి. మొదటి మూడు రోజులు ఐదేసి నిమిషాలు, ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి, నెమ్మదిగా, మెత్తగా, ఐదు వేళ్ళ పరిధి దాటకుండా. మర్నాడు పొద్దున లేచేసరికి చెయ్యి ఎలా ఉందన్నదే కొలత, వాయిస్తున్నప్పుడు ఎలా ఉందన్నది కాదు. మర్నాడు బాగుంటే మూడు రోజులకోసారి రెండేసి నిమిషాలు పెంచండి. బాగాలేకపోతే ఒక మెట్టు వెనక్కి వెళ్ళి అక్కడే ఇంకో మూడు రోజులు ఉండండి. ముందు సమయం పెంచండి, తర్వాత వేగం, ఆ తర్వాత శబ్దం, ఆక్టేవ్‌లూ పెద్ద కార్డ్‌లూ అన్నిటికంటే చివర. ఏ పాటలో గాయం మొదలైందో ఆ పాటని కొన్ని నెలలు పక్కన పెట్టండి, ఎందుకంటే దాన్ని చూడగానే చెయ్యి పాత బిగువులోకి వెళ్ళిపోతుంది. తిరిగి తీసినప్పుడు వేళ్ళ నంబర్లు అన్నీ చెరిపేసి, కొత్తగా రాసుకుని, ఆ నాలుగు బార్లని మొదటి అంచెలో చెప్పిన ఒక్క కీ పరీక్షతోనే మొదలుపెట్టండి.